మా ఇంట్లో గుర్తింపు పొందిన గది

రాష్ట్రంలో సాహిత్యం ఎందుకు పాడైపోయిందో ప్రభుత్వం వారు ఎట్టకేలకు కనిపెట్టారు. బల్లలు లేక.

ఎగతాళి చేస్తున్నాననుకోకండి. పెద్దవాళ్ళు కూర్చుని, ఆలోచించి తేల్చిన సంగతి ఇది. ఏదో పెద్ద హోటల్లో సదస్సు జరిగిందట. అందులో ఒక పండితుడు, ప్రపంచంలో గొప్పగా రాసినవాళ్ళందరికీ ఇంట్లో సొంత బల్ల, సొంత కుర్చీ, సొంత కిటికీ, రోజూ ఒకే వేళకి కూర్చునే అలవాటు ఉండేవని తెర మీద బొమ్మలు వేసి మరీ చూపించాడట. మన అధికారులు భోజనాల దాకా ఓపిక పట్టి, భోజనాలయ్యాక ఆ మాటని తిరగేశారు. గొప్పవాళ్ళకి బల్లలు ఉన్నాయి కాబట్టి, బల్లలు ఉన్నవాళ్ళు గొప్పవాళ్ళవుతారు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టకపోవడం మన ఖర్మ. ఆ సాయంత్రానికే గృహ రచనాస్థల ప్రాధికార సంస్థ పుట్టింది. దానికి అధ్యక్షుడొచ్చాడు, కార్యదర్శి వచ్చాడు, జిల్లాకొక తనిఖీ అధికారి వచ్చాడు, వాళ్ళందరికీ జీపులొచ్చాయి. బల్లలు మాత్రం రాసేవాళ్ళు ఎవరివి వాళ్ళే కొనుక్కోవాలన్నారు.

ఉత్తర్వులో సంగతి ఇంతే. ఇంట్లో కూర్చుని రాసేవాళ్ళెవరైనా గుర్తింపు పొందిన స్థలంలో, గుర్తింపు పొందిన వేళకి రాయాలి. అలా రాయనిది రచన కాదు. రచన కానిదాన్ని ఏ పత్రికా వేసుకోకూడదు. వేసుకుంటే పత్రిక మూయిస్తారు.

నా పేరు వీరమణి. మా ఆయన నూకరాజుకి మెయిన్ రోడ్డు మీద మోటార్ల వైండింగు షాపుంది. ఇంట్లో ఆయనా, నేనూ, మా అత్తగారు మంగాయమ్మగారూ. నేను కథలు రాస్తాను. ఎక్కడ రాస్తానంటే, పెరట్లో కుళాయి పక్కన.

మా పేటకి మునిసిపాలిటీ నీళ్ళు మధ్యాహ్నం పూట వస్తాయి. ఎన్నింటికి వస్తాయన్నది వదిలేవాడికీ తెలీదు. అన్నాలయ్యాక కుళాయి పక్కన పీటేసుకుని కూర్చోవాలి. రాగానే ముందు బిందెలు, తర్వాత బకెట్లు, ఆఖర్న గొట్టం తగిలించి డ్రమ్ము. ధార సన్నంగా వస్తుంది. డ్రమ్ము నిండేలోగా ఒళ్ళో పరీక్షల అట్ట పెట్టుకుని నేను రాసుకోవాల్సింది రాసేసుకుంటాను.

లోపల ఫ్యాను కింద కూర్చుని రాసుకోవచ్చు కదా అంటారేమో. అలా అన్నారంటే మీకింకా పెళ్ళి కాలేదన్నమాట. నేను రాసుకుంటున్నానని చెప్తే మా ఆయన "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త టీ పెట్టు" అంటారు. పక్కింటి కాసులమ్మ వచ్చి మంచం మీద చతికిలబడుతుంది. అదే నీళ్ళు పడుతున్నానని చెప్పి చూడండి! ఫోను మోగినా నన్ను పిలవరు. చుట్టాలొస్తే వాళ్ళే లోపలికెళ్ళి మంచినీళ్ళు తీసుకుని తాగుతారు. మా ఇంట్లో రాతకి లేని మర్యాద నీళ్ళకుంది. ఆ మర్యాద చాటున కూర్చుని నేను ఇన్నేళ్ళూ రాశాను. డ్రమ్ము నిండాక, రాసింది అత్తగారికి చదివి వినిపించడం మా అలవాటు. ఆవిడ చదువుకోలేదు. కానీ కథ ఎక్కడ అబద్ధమాడిందో ఆవిడకి ఇట్టే తెలిసిపోతుంది.

ఆ ఉత్తర్వు వచ్చేనాటికి నా సీరియల్ ఒకటి వారపత్రికలో వస్తోంది. నా జన్మకి అదే మొదటి సీరియల్. అందులో లోవతల్లి అనే ఆవిడ బట్టలు కుట్టుకుని బతుకుతుంటుంది. తనకి ఒక్క మాటైనా చెప్పకుండా మొగుడు కుట్టు మిషను అమ్మేస్తాడు. మిషను ఏ ఊరు వెళ్ళిందో కనుక్కుని, సంచీ సర్దుకుని లోవతల్లి బస్టాండుకొస్తుంది. బస్సు కదలబోతోంది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది, ఇంకో కాలు నేల మీదే ఉంది. సరిగ్గా అక్కడ ఆపాను.

ఆ వారమే సంపాదకులు మృత్యుంజయంగారు ఫోను చేశారు. మంచి మనిషి, కానీ ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టు మాట్లాడతారు.

"వీరమణిగారూ, ఈ వారం నుంచి గుర్తింపు లేని రచన వెయ్యకూడదంటున్నారండి. మీకు స్థలం ఉందా?"

"పెరట్లో ఉందండి."

"పెరడు కాదమ్మా, గది! త్వరగా గుర్తింపు తెచ్చుకోండి. ఈలోపు ఈ వారం, పై వారం 'అనివార్య కారణాల వల్ల' అని వేస్తాను. అంతకు మించి నాకు చేతకాదు. మీ పేజీ కోసం ఇంకో ఆయన కాచుక్కూర్చున్నాడు. ఆయనకి రెండు బల్లలున్నాయి."

లోవతల్లిని అలా ఒంటికాలి మీద నిలబెట్టి సీరియల్ ఆగిపోవడమేమిటి? ఆవేళే ప్రాధికార వారికి కబురు పంపాను, వచ్చి నా స్థలం చూసుకోమని.

తనిఖీ అధికారి పేరు దివాకరం. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ బట్టల్లో ఉన్నాడు. గుమ్మంలోనే మెడలో కార్డు ఎత్తి చూపించి, నిలబడి ఉత్తర్వు చదివినట్టు మాట్లాడాడు.

"గౌరవ రచయిత్రిగారు తమ నివాసమందు రచనా కార్యక్రమము నిర్వహించు స్థలమును చూపవలసినదిగా కోరడమైనది."

పెరట్లోకి తీసుకెళ్ళి పీట చూపించాను. ఆయన పీటనీ, కుళాయినీ, పాచి పట్టిన గచ్చునీ చూసి, బూటు తడవకుండా వెనక్కి ఒక అడుగు వేశాడు.

"ఇది స్థలము కాదు. తడి."

"ఇక్కడే రాస్తానండి. చాలా ఏళ్ళుగా ఇక్కడే."

"అమ్మా, కుళాయి చుట్టుపక్కల ప్రదేశము నీటి సరఫరా శాఖ పరిధిలోనిది. ఒక శాఖ పరిధిలో కూర్చుని వేరొక శాఖకు చెందిన పని చేయుట ఆక్రమణ క్రిందకు వచ్చును. ఇంతవరకు చేసినదానిని మేము చూసీ చూడనట్లు వదిలివేయుచున్నాము."

అత్తయ్య అరుగు మీంచి అడిగింది. "ఏవంటాడే ఆ అబ్బాయి?"

"నేను ఇక్కడ కూర్చోవడం తప్పంట అత్తయ్యా."

"మరి నీళ్ళెవడు పడతాడంట?"

దివాకరంగారు ఆ ప్రశ్న తన పరిధిలోకి రాదన్నారు. తలుపు ఉన్న గది, తూర్పు మొహంగా బల్ల, కిటికీలోంచి ప్రకృతి, నిశ్శబ్దం, నియమిత దినచర్య ఉంటేనే గుర్తింపన్నారు. మా ఇంట్లో తలుపున్న గది ఒక్కటే, అది అత్తయ్యది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ పడుకునే మంచం, తల దగ్గర అమృతాంజనం, గోడకి మావయ్యగారి ఫొటో, అదీ ఆ గది. ఆవిడే అంది.

"నా మంచం హాల్లో పడెయ్యండ్రా. ఆ పిల్ల బస్టాండులో నిలబడి ఎన్నాళ్ళుంటది? కాళ్ళు లాగెయ్యవూ?"

మంచం హాల్లోకి వచ్చింది. హాల్లో పడుకునే మా ఆయన వరండాలోకి పోయారు. వరండాలో పడుకునే కుక్క వీధిలోకి పోయింది. ప్రాధికార వారి సంస్కరణ మా గుమ్మం దాటి పేట దాకా వెళ్ళిందని నాకు అప్పుడే అర్థమైంది.

బల్ల కొన్నాం. బల్ల మీదకి మెడ వంచే దీపం, కుండీలో ఒక మొక్క, పెన్నులకి డబ్బా, 'నిశ్శబ్దమే సృజనకు తల్లి' అన్న బోర్డు, అన్నీ కొన్నాం. ఇవన్నీ కలిపి అమ్మే దుకాణం ఒకటి అప్పటికే ఊళ్ళో వెలిసింది. రచయితలు కానివాళ్ళు కూడా ఎగబడి కొంటున్నారు. మా వీధి చివర ఎల్‌ఐసీ ఏజెంటుకి ఎంత అందమైన గది అమర్చారంటే, ఆయన్ని రచయితగా నమోదు చెయ్యక తప్పలేదు. ఆయనేం రాస్తాడని ఎవరూ అడగలేదు. స్థలం ఉంది కదా.

రెండోసారి వచ్చినప్పుడు దివాకరంగారు టేపుతో గది కొలిచి సంతోషించారు. తర్వాత కిటికీ తెరిచి దిగులు పడ్డారు. కిటికీలోంచి కాసులమ్మగారి స్నానాల గది గోడ కనిపిస్తుంది.

"ప్రకృతి లేదే?"

"పేటలో అదే ప్రకృతండి."

పై అధికారులకి ఫోను చేసి, ఆ గోడ మీద అడవి బొమ్మ వేయించమని ఆదేశించారు. కాసులమ్మ గయ్యిమంది. "నా గోడ మీద నీకు జింకలేంటే? పొద్దున్నే నేను స్నానానికెళ్తే అవి నావంక చూస్తా ఉంటాయా?" చివరికి జింకల్ని వదిలేసి ఒట్టి చెట్లే వేశారు. ఆ రంగుకయ్యింది కూడా మా ఆయనే ఇచ్చుకున్నారు. కాసులమ్మ నాతో మాట్లాడ్డం మానేసింది.

నిశ్శబ్దం సంగతి అంతకన్నా ఘోరం. మా వీధిని రచనా నిశ్శబ్ద మండలంగా ప్రకటించి, రెండు కొసలా బోర్డులు పాతారు. చేపల బుట్ట ఎత్తుకుని వచ్చే మనిషి కేక వెయ్యకూడదు. ఆవిడ ప్రతి గుమ్మం ముందు ఆగి, బుట్ట దించి, మూత తీసి, మూగదానిలా చెయ్యూపి, మళ్ళీ మూత పెట్టి ఎత్తుకోవాలి. మొదటిరోజు అలా చేసి, రెండోరోజు మా గుమ్మం ముందు బుట్ట దించి "నీ కథ తగలెయ్య" అని నిశ్శబ్దంగా తిట్టి వెళ్ళింది. మూడోరోజు నుంచి మా వీధికి చేపలు లేవు. ఈ పాపం నాదేనని పేటంతా తేల్చేసింది. మా ఆయన కూడా అన్నం ముందు కూర్చుని "నీ సాహిత్యం వల్ల చారే మిగిలింది" అన్నారు. కోపమొచ్చింది కానీ, ఆయన మాట అబద్ధం కాదు.

ఇంక దినచర్య. ప్రాధికార వారు పంపిన దినచర్య ప్రకారం రచయిత సూర్యోదయానికి లేచి, కాసేపు మౌనంగా కూర్చుని, కాసేపు వాహ్యాళికి వెళ్ళి, ఆకుపచ్చ టీ తాగి, పదకొండు దాకా కదలకుండా రాయాలి. పొద్దున పదకొండు దాకా కదలకుండా కూర్చునే ఆడది మా జిల్లాలో ఒక్కతి ఉంటే చూపించండి, దణ్ణం పెడతాను. అయినా లోవతల్లి కోసం కూర్చున్నాను. వంటకి మా ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకుని, ఉప్పెక్కడుందని ఒకసారి, పోపుకి ఏవేం వెయ్యాలని ఒకసారి, కుక్కరు ఎన్ని కూతలు కూస్తే దించాలని ఒకసారి తలుపు కొట్టారు. గది చూడ్డానికి వీధిలో ఆడవాళ్ళు వచ్చారు. నేను రాస్తుంటే ఎలా ఉంటానో చూడ్డానికి మా ఆడపడుచు పిల్లల్ని వెంటేసుకొచ్చింది. కిటికీలోంచి కాసులమ్మగారి అడవిని చూస్తూ కూర్చున్నాను. ఒక్క ముక్క పడలేదు.

మధ్యాహ్నం కుళాయి దగ్గరికి వెళ్ళాను. బిందె నిండే చప్పుడు వినపడగానే లోవతల్లి కథ కదిలింది. అట్ట ఒళ్ళోకి లాక్కున్నాను.

అప్పుడే హాజరు యంత్రం తెచ్చారు. రచయిత బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఒకసారి, లేచినప్పుడు ఒకసారి దాని మీద బొటనవేలు పెట్టాలి. దివాకరంగారు దాన్ని గోడకి బిగించి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టించి, నన్ను పిలిచారు. వేలు పెట్టాను. ఎర్ర లైటు వెలిగింది. తుడుచుకుని పెట్టాను. ఎర్ర లైటే. రెండో చెయ్యి పెట్టాను. అదే.

"అంట్లు తోమి తోమి నా గీతలు అరిగిపోయాయండి. రేషన్ డిపోలో కూడా ఇంతే. అక్కడ మా ఆయన వేలు పెట్టిస్తాను."

"యంత్రము గుర్తించనిచో రచయిత స్థలములో లేనట్లు పరిగణింపబడును."

"ఎదురుగా కూర్చున్నాను కదండీ, బాబూ!"

"కూర్చున్నట్లు కనబడుచున్నారు. నమోదు కాలేదు."

మా ఆయన షాపు మూసుకుని పొద్దున్నంతా ఆ బల్ల దగ్గర కూర్చోలేరు. అత్తయ్య వేలు నా వేలికన్నా నున్నగా ఉంది. పేటలో ఎవర్నైనా అడుగుదామంటే నాతో మాట్లాడేవాళ్ళు లేరు. దివాకరంగారికి చెమటలు పట్టాయి. ఎందుకంటే జిల్లాలో ఒక్క రచయితా రాస్తున్నట్టు నమోదు కాకపోతే ఆయనకి మెమో వస్తుంది. ఎల్‌ఐసీ ఏజెంటు కూడా వేలు పెట్టి ఊళ్ళోకి పోతున్నాడట, అది లెక్కకి రాదు. దివాకరంగారు గొంతు తగ్గించి, మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడాడు.

"అమ్మా, ఒక పని చేద్దాం. డిపోలో లాగే. తాత్కాలికంగా నేను పెడతాను వేలు."

పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది. వేలు పెట్టినవాడు పదకొండు దాకా స్థలం వదలకూడదన్నది వాళ్ళ నిబంధనే కాబట్టి, ఆయన అక్కడే కూర్చున్నాడు. మర్నాడూ కూర్చున్నాడు. అత్తయ్య గదిలో, మేం కొన్న కుర్చీలో, మా ఫ్యాను కింద, మా ఆయన చేసిన ఉప్మా తింటూ కూర్చున్నాడు. నేను మధ్యాహ్నం కుళాయి దగ్గర రాసింది మర్నాడు పొద్దున ఆయన బల్ల మీద ప్రాధికార వారి ముద్ర ఉన్న కాగితాల మీదకి ఎత్తి రాసేవాడు. నా కాగితాలే పంపొచ్చుగా అంటే, తడి మరకలున్న కాగితం ఎక్కడ రాసిందో పట్టిచ్చేస్తుందన్నాడు. నాకది సబబుగానే తోచింది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. కానీ అప్పుడు నాకు కావలసింది ఒక్కటే, లోవతల్లి కథ అచ్చులో పడాలి.

పడింది. పత్రిక వచ్చిన రోజు మా ఆయన షాపు నుంచి పరుగున తెచ్చారు. వాకిట్లోనే నిలబడి తిప్పాను. కాలు మెట్టు మీదే ఉంచి లోవతల్లి పాత సంగతులన్నీ తలుచుకున్న భాగం అది, నా వాక్యాలన్నీ ఉన్నాయి. ఒక్క కామా కూడా తప్పలేదు. కింద పేరు దివాకరం అని ఉంది.

పేజీ మా ఆయనకి చూపించాను. "అచ్చు తప్పేమోనే" అన్నారు మా ఆయన, పాపం. మృత్యుంజయంగారికి ఫోను చేశాను.

"నేనేం చెయ్యనమ్మా! గుర్తింపు పొందిన స్థలంలో, గుర్తింపు పొందిన వేళకి, ఎవరి వేలిముద్ర ఉంటే వారిదే రచన అని సంస్థ నుంచి రాసి పంపారు. ఆయన వేలిముద్రే ఉందట. మీ పేరు వేస్తే పత్రిక మూతపడుతుంది. నాకిద్దరు మనవలు."

"కథ నాదని మీకు తెలీదా?"

"నాకెందుకు తెలీదమ్మా? తెలిసి ఏం లాభం?"

దివాకరాన్ని నిలదీశాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, తల మాత్రం ఎత్తలేదు. "నేను అడగలేదమ్మా. యంత్రం నుంచి పేరు తనంతట తానే వెళ్ళిపోయింది. సరిచేయుటకు పైకి వ్రాసియున్నాను" అన్నాడు. పైకి రాసినదానికి పైనించి జవాబొచ్చింది. జిల్లాలో క్రమం తప్పకుండా రాస్తున్న ఏకైక రచయిత దివాకరమే కాబట్టి, ఆయనకి ఉత్తమ గృహ రచయిత పురస్కారం.

సభ జిల్లా కేంద్రంలో జరిగింది. స్థలం మాదే కాబట్టి మా ముగ్గురికీ కార్డు పంపారు. అత్తయ్య పట్టుచీర కట్టుకుని వచ్చింది, గొడవైతే చూడాలని. దివాకరానికి శాలువా కప్పారు. ఎల్‌ఐసీ ఏజెంటుకి అందమైన గదికని జ్ఞాపిక ఇచ్చారు. అధ్యక్షులవారు మైకు ముందు గొంతు సవరించుకున్నారు.

"ఈనాడు రాష్ట్రంలో రచన తగ్గినను, రచనాస్థలములు గణనీయముగా పెరిగినవని తెలియజేయుటకు సంతోషించుచున్నాను."

చప్పట్లు కొట్టారు. నేను లేచి సరాసరి వేదిక ఎక్కేశాను. మా ఆయన కొంగు పట్టుకుని ఆపబోయారు, అత్తయ్య ఆయన చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

"అయ్యా, ఆ కథ నేను రాశాను" అన్నాను మైకులో వినపడేలా.

అధ్యక్షులవారు కంగారు పడలేదు. చాలా దయగా నవ్వారు. ఆ దయ చూసే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అమ్మా, మీరు రాయలేదని మేమనడం లేదు. మీరు రాసినట్లు లేదంటున్నాము. రెంటికీ చాలా తేడా ఉన్నది. మొదటిది అబద్ధము. మా సంస్థ అబద్ధములాడదు. రెండవది వాస్తవ పరిస్థితి."

"అయితే నేను రాసినట్టు ఎలా అవుతుంది?"

"మీరు గదిలో రాస్తే అవుతుంది."

"గదిలో నాకు రాయడం రాదు. వేలు పెడితే మీ యంత్రానికి నేను లేను."

ఆయన కార్యదర్శి చెవిలో ఏదో చెప్పారు. కార్యదర్శి దివాకరం చెవిలో చెప్పాడు. దివాకరం మొహం చిన్నబోయింది. అధ్యక్షులవారు మళ్ళీ మైకు అందుకుని, తమ సంస్థ స్త్రీల పట్ల ఎంతో ఉదారంగా ఉంటుందని, నన్ను తక్షణమే రచయిత దివాకరంగారికి రచనా సహాయకురాలిగా నియమిస్తున్నామని, గౌరవ వేతనం కూడా ఉంటుందని ప్రకటించారు. ఇంకోసారి చప్పట్లు.

"మా ఇంట్లో, మా అత్తగారి గదిలో, నా కథకి నేను సహాయకురాలినా?" అన్నాను. ఏడుపొస్తుందేమోనని భయపడ్డాను కానీ రాలేదు, కోపం దాన్ని తొక్కేసింది. "నాకొద్దండి మీ వేతనం. ఇప్పటి నుంచి ఆయన కథ ఆయన్నే రాసుకోమనండి."

వేదిక దిగొచ్చేశాను. బస్సులో అత్తయ్య నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. మా ఆయన మాత్రం ఊరొచ్చేదాకా ఆ అధ్యక్షుణ్ణి తిడుతూనే ఉన్నారు, మోటారు కాలిపోతే కస్టమర్ని తిట్టేదానికన్నా ఎక్కువగా.

మర్నాడు పొద్దున్నే దివాకరం వచ్చి వేలు పెట్టి కూర్చున్నాడు. పురస్కారం వచ్చింది కాబట్టి ఆయన్ని మా ఇంటికే పూర్తికాలం వేశారట. గది గుర్తింపు పొందింది కాబట్టి మంచం వెనక్కి వెయ్యడానికి లేదట. ఆవేళ నా కాగితాలు ఆయన బల్ల మీద లేవు. పదకొండు దాకా అడవి వంక చూసి వెళ్ళిపోయాడు. ఆ రోజూ, ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి పత్రిక వాళ్ళు పీక మీద కూర్చున్నారు కాబోలు, తనే రాసి పంపాడు. అచ్చయింది.

అందులో లోవతల్లి మెట్టు మీద కాలు అలాగే ఉంది. "సదరు లోవతల్లి బస్సు ఎక్కుటయా, మానుటయా అను విషయము ఆమె పరిశీలనలో ఉన్నది. కండక్టరు తన పరిధి మేరకు ఈల వేసియున్నాడు. డ్రైవరు అభిప్రాయము కోరడమైనది." రెండు పేజీలూ ఇలాగే నడిచి, చివర్న "తదుపరి చర్య నిమిత్తము వేచి చూడవలసి ఉన్నది" అని ముగిసింది.

అత్తయ్యకి చదివి వినిపిస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఆవిడకి కోపం వచ్చింది. "దాన్ని చంపేస్తున్నాడే ఈడు!" అంది. నాకు నవ్వు రాలేదు. నా లోవతల్లి కథలో ఆ మాటలు చూస్తుంటే, నా చీర ఎవరో కట్టుకుని వీధిలో తిరుగుతున్నట్టు ఒళ్ళంతా రగిలిపోయింది.

ఆ పై వారం డ్రైవరు అభిప్రాయం వచ్చింది. ఆ పై వారం బస్సు టైర్లను తనిఖీ చేశారు. పాఠకులు మృత్యుంజయంగారికి ఉత్తరాలు, ఫోన్లు, తిట్లు. ఆయన నాకు ఫోను చేసి, "ఎలాగో ఒకలా ఆ ముగింపు ఆయన చేతికివ్వండమ్మా, పేరుదేముంది, మీకు పుణ్యం ఉంటుంది" అన్నారు. పుణ్యం ఆయన్నే ఉంచుకోమన్నాను. ప్రాధికార వారు మాత్రం ఎంతో తృప్తిగా ఉన్నారని విన్నాను. దివాకరం హాజరు నూటికి నూరు.

నేను మాత్రం మధ్యాహ్నాలు మానలేదు. కుళాయి దగ్గర కూర్చుని రాసుకుంటూనే ఉన్నాను. అచ్చు కాదని తెలుసు. నీళ్ళు వస్తున్నంతసేపూ చెయ్యి ఊరుకోదు. ముగింపు అయిపోయిన రోజున అట్ట ఒళ్ళో పెట్టుకుని, అత్తయ్యకి చదవబోతున్నాను. ఆవిడ అరుగు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. కాసులమ్మ కూడా గోడవతల నిలబడింది, మాట్లాడకుండా.

పెరటి తలుపు తీసుకుని దివాకరం వచ్చాడు. హాజరు వేళ దాటి చాలాసేపైంది, అయినా ఇంటికి వెళ్ళలేదు. మెడలో కార్డు లేదు. గచ్చు తడిగా ఉంటే బూట్లు గుమ్మంలో విప్పేసి, వట్టి కాళ్ళతో దిగాడు. కుళాయికి కాస్త దూరంలో ఆగి, చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, నేను అధికారిగా రాలేదండి. రాయడానికి అడగడం లేదు. ఎవరికీ చెప్పను. ఇంట్లో మా ఆవిడ అడుగుతోంది. నాకూ నిద్ర పట్టడం లేదు. అసలు లోవతల్లి బస్సు ఎక్కిందా, లేదా?"

ఆయన మొహం చూశాను. నిజంగానే అడుగుతున్నాడు. ఇన్నాళ్ళలో నా కథ గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. రాసిన మనిషికి అంతకన్నా కావలసిన ప్రశ్న ఉండదు. చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది. కానీ ఆ పేజీ కింద పేరు గుర్తొచ్చింది.

"నన్నడుగుతారేంటండీ? కథ మీ పేరుతో వస్తోంది. మీకే తెలియాలి" అన్నాను.

ఆయన తల దించుకుని, బూట్లు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. వీధి తలుపు మూసుకున్న చప్పుడయ్యింది. బిందె పొంగి నీళ్ళు పోతున్నాయి. లేచి దాన్ని పక్కకి జరిపి బకెట్టు పెట్టాను.

"ఆడికి చెప్పకపోతే పోనీ, మాకు చెప్పవే" అంది అత్తయ్య.

"ఎక్కింది అత్తయ్యా" అన్నాను. "సీటు కూడా దొరికింది."

హమ్మయ్య అని ఆవిడ కాళ్ళు చాపుకుంది.